పదకొండేళ్లు పీఏగా చేసినవాడికి ఎమ్మెల్యే టికెట్ వస్తుందా? మా తమ్ముడి గోల

ఏలూరు_అన్న
మా తమ్ముడు పదకొండేళ్లుగా ఒక ఎమ్మెల్యే దగ్గర పీఏ. పేరు, నియోజకవర్గం అడగకండి, గోదావరి జిల్లాలు అనుకోండి చాలు. ఆయన ఓడినప్పుడూ వెంటే ఉన్నాడు, గెలిచినప్పుడూ వెంటే ఉన్నాడు. ఇప్పుడు సార్‌కి డెబ్బై దాటాయి, మోకాళ్లు సహకరించడం లేదు. కొడుకు ఆస్ట్రేలియాలో స్థిరపడ్డాడు, రాజకీయాలంటే పడదు. దాంతో మావాడికి ఆశ పుట్టింది. "సార్ తర్వాత ఎవరున్నారన్నయ్యా? ప్రతి ఊళ్లో ప్రతి గడపా నాకు తెలుసు" అంటాడు.

పోయిన ఆదివారం భోజనాల దగ్గర అసలు సంగతి బయటపెట్టాడు. ఉమ్మడిగా ఉన్న రెండెకరాల కొబ్బరి తోట అమ్మేసి తన వాటా ఇచ్చేయమంటున్నాడు. మా అమ్మ చేయి కడుక్కుని లేచిపోయింది.

నాకు రాజకీయాలు పెద్దగా తెలియవు. పీఏగా, సహాయకుడిగా చేసినవాళ్లు నిజంగా చట్టసభలకి వెళ్లిన సందర్భాలు ఉన్నాయా? వెళితే ఏ దారిలో వెళ్లారు? తెలిసినవాళ్లు చెప్పండి. ఏ పార్టీ అని మాత్రం అడగకండి.

బెజవాడ_బ్లేడు
ఏ పార్టీ?

ఇరానీ_చాయ్
తోట అమ్మకండి. ఇక చర్చ అయిపోయింది, అందరూ ఇళ్లకి వెళ్లండి.

లా_పాయింట్_లక్ష్మి
కాగితం మీద అయితే ఎవరైనా నిలబడొచ్చు. పాతికేళ్లు నిండాలి, ఓటరు లిస్టులో పేరుండాలి, జనరల్ సీటుకి డిపాజిట్ 10 వేలు. అసెంబ్లీకి అభ్యర్థి ఖర్చు పరిమితి మన రాష్ట్రాల్లో 40 లక్షలు. గుర్తింపు ఉన్న పార్టీ బీ-ఫారం ఇస్తే ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, ఇండిపెండెంట్ అయితే పది మంది కావాలి. మీ తమ్ముడి జీతం ప్రభుత్వం నుంచి వస్తుంటే మాత్రం ముందు ఆ ఉద్యోగం వదిలి రావాలి. ఆ సంగతి ఇప్పుడే చూసుకోమనండి, నామినేషన్ పరిశీలన రోజు కాదు.

బెజవాడ_బ్లేడు
40 లక్షలట! లక్ష్మిగారూ, పొద్దున్నే నవ్వించారు. మా వార్డులో బిర్యానీ పొట్లాలకే సరిపోదు.

లా_పాయింట్_లక్ష్మి
"కాగితం మీద" అని ముందే రాశాను, చూసుకోండి.

పాత_పేషీ
నేను ఆరేళ్లు చేశాను. ఎమ్మెల్యే దగ్గర మూడేళ్లు, ఆయన మంత్రి అయ్యాక పేషీలో మూడేళ్లు. తర్వాత దండం పెట్టి బయటపడ్డాను. కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

పొద్దున్న ఐదున్నరకే అరుగు మీద ముప్పై, నలభై మంది ఉంటారు. వాళ్లలో ఎవర్ని ముందు లోపలికి పంపాలన్నదే పీఏ ఉద్యోగం. బదిలీ కోసం వచ్చిన టీచరు, ముఖ్యమంత్రి సహాయ నిధి కోసం ఆస్పత్రి బిల్లులు సంచిలో పట్టుకొచ్చిన పెద్దాయన, తిరుమల దర్శనానికి లెటరు కావాలనే కొత్త పెళ్లివారు, గట్టు తగాదాలో ఎస్సైకి ఫోన్ చేయించమనే అన్నదమ్ములు. ఆ అన్నదమ్ములు ఇద్దరూ వస్తారు, వేరువేరుగా. ఒకడు వీధి వైపు నుంచి, ఒకడు దొడ్డి వైపు నుంచి. కారు డిక్కీలో ఎప్పుడూ అరడజను శాలువాలు ఉండాలి. నా జేబులో చిన్న డైరీ ఉండేది, ఒక పక్క పెళ్లిళ్లు, ఇంకో పక్క పెద్దకర్మలు. పెళ్లికి రాకపోయినా జనం ఊరుకుంటారు గానీ, పెద్దకర్మకి రాకపోతే గుర్తుపెట్టుకుంటారు.

చిక్కు ఎక్కడంటే, పని జరిగితే "సార్ చేయించారు". జరగకపోతే "పీఏ అడ్డుపడ్డాడు". మా సార్ నోటి వెంట ఎప్పుడూ కాదన్న మాట రాలేదు. లోపల "చూద్దాంలే అమ్మా" అని భుజం తట్టి పంపేవారు, వెనకాలే నాకు కంటితో సైగ. ఇక కాదని చెప్పాల్సింది నేను. ఆరేళ్లలో నేను కాదని పంపినవాళ్లని లెక్కేస్తే ఒక మండలం ఓట్లు గల్లంతు.

మీ తమ్ముడికి ప్రతి గడపా తెలుసన్నాడు, నిజమే అయ్యుంటుంది. ఆ గడపలకి మీ తమ్ముడు ఎలా తెలుసు అన్నది వేరే లెక్క.

టీచరమ్మ_తణుకు
పాత_పేషీ గారూ, 2011లో బదిలీ కోసం అరుగు మీద నాలుగు రోజులు కూర్చున్న టీచర్లలో నేనూ ఒకదాన్ని. మీరేనా కాదన్నది?

పాత_పేషీ
మేడం, మా జిల్లా వేరు. బతికిపోయాను.

పీఏగారి_భార్య
మా ఆయన కూడా ఇదే పని. మా పెళ్లిరోజు గుర్తుండదు, సార్ మనవరాలి పుట్టినరోజు మాత్రం కేకు సైజుతో సహా గుర్తుంటుంది. ఎన్నికల్లో నిలబడతానని ఇంకా అనలేదు. ఈ పేజీ ఆయన కంట పడకుండా చూడాలి.

మాస్టారు_రిటైర్డ్
పీఏ అంటే నాకు గుర్తొచ్చేది ఆర్.కె. ధావన్. విభజనప్పుడు ఇప్పటి పాకిస్తాన్‌లోని చినియోట్ నుంచి వచ్చిన కుటుంబం. స్టెనోగ్రాఫర్‌గా మొదలై 1962లో ఇందిరాగాంధీ దగ్గర చేరాడు, అప్పటికి ఆవిడ ప్రధాని కూడా కాదు. అప్పటినుంచి 1984 అక్టోబర్ 31 దాకా 22 ఏళ్లు. ఎమర్జెన్సీలో పెద్ద పెద్ద ముఖ్యమంత్రులు కూడా ధావన్ ఫోన్ కోసం ఎదురుచూసేవాళ్లని చెప్పుకునేవారు. ఆ రోజు పొద్దున్న టీవీ ఇంటర్వ్యూ కోసం ఆవిడ ఇంటి నుంచి పక్క ఆఫీసు బంగళాకి నడిచి వెళుతుంటే, రెండడుగుల వెనక ఉన్నది ఈయనే.

తర్వాత కథ ఇంకా చిత్రం. ఇందిర హత్య మీద విచారణకి వేసిన ఠక్కర్ కమిషన్ అనుమానపు ముల్లు ధావన్ వైపే చూపిస్తోందని రాసింది. రాజీవ్ పక్కన పెట్టేశాడు. నేరం ఏదీ తేలలేదు. 1989లో మళ్లీ అదే రాజీవ్ పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. 1990లో రాజ్యసభ, తర్వాత పీవీ ప్రభుత్వంలో పట్టణాభివృద్ధి సహాయ మంత్రి. డెబ్బై నాలుగేళ్ల వయసులో పెళ్లి చేసుకున్నాడు, 2018లో పోయాడు.

షార్ట్‌హ్యాండ్ పుస్తకంతో లోపలికెళ్లినవాడు మంత్రి అయ్యాడు. కాబట్టి ఏలూరు తమ్ముడు కలలు కనడంలో తప్పులేదు.

ఓటరు_412
మాస్టారూ, కథ బాగుంది కానీ అసలు పాయింట్ మీరే దాటేశారు. రాజ్యసభ. ధావన్‌కి జనం ఎక్కడ ఓటేశారు? మేడం ఇంట్లో నమ్మకం సంపాదించాడు, పార్టీ సీటిచ్చింది. ఏలూరు అన్న తమ్ముడు అడుగుతున్నది గ్రామాల్లో తిరిగి గెలవాల్సిన సీటు. రెండూ ఒకటి కావు.

మాస్టారు_రిటైర్డ్
అడిగింది "చట్టసభలకి వెళ్లిన సందర్భాలు" అని. రాజ్యసభ చట్టసభ కాదా?

ఓటరు_412
చట్టసభే. కానీ దానికోసం కొబ్బరి తోట అమ్మక్కర్లేదు.

నెల్లూరు_నారాయణ
412 చెప్పిందానికి మా ఊరే సాక్ష్యం. విజయసాయిరెడ్డి. వైఎస్ కుటుంబానికి ఆడిటర్, తర్వాత వైసీపీలో అన్నీ తానే. 2016లో రాజ్యసభ, పోటీ లేకుండా. 2022లో రెండోసారి. ఢిల్లీలో పార్టీ ముఖమే ఆయన. అదే మనిషిని 2024లో నెల్లూరు లోక్‌సభకి దింపారు. ఏమైంది? వేమిరెడ్డి ప్రభాకర్‌రెడ్డి చేతిలో రెండు లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆ వేమిరెడ్డి కూడా అంతకుముందు అదే పార్టీ రాజ్యసభ సభ్యుడే, ఎన్నికల ముందే టీడీపీలోకి వెళ్లాడు. 2025 జనవరిలో విజయసాయి రాజ్యసభకి రాజీనామా చేసి, ఇక వ్యవసాయం చేసుకుంటానన్నారు.

ఆ ఏడాది గాలే అలా ఉంది, ఎవరు నిలబడినా ఓడేవారేమో. కానీ మా వీధిలో ప్రచారానికి వచ్చినప్పుడు చూశాను. నమస్కారం పెడుతున్నారు, జనమూ పెడుతున్నారు. "మీ నాన్న బాగున్నాడా, మోకాలి ఆపరేషన్ అయిందా" అనే మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. ఆ మాట అనాలంటే పదేళ్లు ఊళ్లో తిరగాలి.

ఆడిటర్_ఆనంద్
ఆడిటర్లని పీఏలతో కలిపి మాట్లాడటం మా వృత్తికి అవమానం. మేం శాలువాలు మోయం.

పాత_పేషీ
మీరు మోసేవి ఇంకా బరువైనవి లెండి.

ఇరానీ_చాయ్
ఈ వారం ఉత్తమ పోస్ట్ ఇదే.

నిర్వాహకుడు
పార్టీల జోలికి, కేసుల జోలికి వెళ్లకుండా మాట్లాడుకోండి. ఇప్పటికి రెండు పోస్టులు తీసేశాను.

సిద్దిపేట_సీను
అందరూ ఓడినోళ్ల కథలే చెప్తున్నరు. మా హరీశ్‌రావును మరిచిపోయిన్రా? కేసీఆర్ వెంట ఉండి సిద్దిపేట పనులన్నీ చూసుకున్నది ఆయనే. 2004లో కేసీఆర్ అసెంబ్లీకి, కరీంనగర్ పార్లమెంటుకి రెండిటికీ గెలిచి, అసెంబ్లీ సీటు వదులుకుండు. ఉప ఎన్నికల హరీశ్ నిలబడ్డడు, గెలిచిండు. ఇంకో ముచ్చట, ఎమ్మెల్యే కాకముందే వైఎస్ కేబినెట్‌ల మంత్రి. 2018కి వచ్చేసరికి మెజారిటీ లక్షా 18 వేలు దాటింది.

మా మేనత్త చనిపోతే మాకంటే ముందు ఆయన వచ్చి కూసున్నడు. గది ఎట్ల మరిచిపోతం?

ఓటరు_412
ఒప్పుకుంటాను, కానీ మేనల్లుడు. ఏలూరు తమ్ముడు ఎమ్మెల్యేకి ఏమవుతాడు?

ఏలూరు_అన్న
ఏమీ కాడు. కులం కూడా వేరు. అది కూడా రాయాల్సింది, మొహమాటపడ్డాను.

బెజవాడ_బ్లేడు
అసలు మాట ఇప్పుడు బయటపడింది. టికెట్ లెక్కలో మొదటి వరుస అదే కదా అన్నా, తోట ధర రెండో వరుస.

సిద్దిపేట_సీను
చుట్టరికంతో టికెట్ వస్తది, లక్ష మెజారిటీ రాదు. చుట్టాలు మస్తుమంది ఉంటరు, అందరూ గెలుస్తలేరు. సంతోష్‌కుమార్‌ను చూడున్రి. ఆయన కూడా చుట్టమే, ఉద్యమం నాటి నుంచి కేసీఆర్ పక్కనే ఉన్నడు, మందుగోలీలు టైముకు ఇచ్చేది కూడా ఆయనే అంటరు. 2018ల రాజ్యసభ ఇచ్చిన్రు, మొక్కలు నాటే కార్యక్రమంతో పేరొచ్చింది. కానీ ఊరూరు తిరిగి ఓటు అడిగే సీటుకు నిలబడలే. ఇద్దరూ ఒకే ఇంటోళ్లు, దారులు వేరు.

లా_పాయింట్_లక్ష్మి
రాజ్యసభ దారి ఎందుకు సులువో అంకెల్లో చెప్తాను. 2016లో ఏపీ నుంచి ఖాళీ అయినవి 4. సభలో 175 మంది. 175ని 5తో భాగించి ఒకటి కలిపితే 36. అంటే 36 మంది ఎమ్మెల్యేల మొదటి ఓటు వస్తే మీరు ఎంపీ. ఆ 36 మందీ మీ నాయకుడి మాట వినేవాళ్లు. 2003లో చట్టం మార్చాక బ్యాలెట్‌ని పార్టీ ఏజెంటుకి చూపించి వేయాలి, కాబట్టి లోపల ఒకటి, బయట ఒకటి కుదరదు. ఆ సవరణతోనే అదే రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న షరతు కూడా తీసేశారు. నాయకుడి నమ్మకం ఒక్కటి ఉంటే చాలు, ఊరితో పని లేదు.

అసెంబ్లీకి అయితే ఒక నియోజకవర్గంలో రెండు లక్షల పైచిలుకు ఓటర్లు. వాళ్ల బ్యాలెట్ ఎవరికీ చూపించరు.

గుంటూరు_మిరపకాయ్
దీనికి ఇంకోటి కలపండి. 1985లో ఎన్టీఆర్ శాసనమండలి రద్దు చేశారు. మళ్లీ 2007లో వచ్చింది. అంటే ఆ 22 ఏళ్లూ రాష్ట్రంలో నమ్మినబంటుకి ఇవ్వడానికి ఎమ్మెల్సీ సీటే లేదు. ఇస్తే కార్పొరేషన్ ఛైర్మన్, లేకపోతే రాజ్యసభ. ఇప్పుడు మండలి ఉంది. తమ్ముడిని ఎమ్మెల్యే మీద కాకుండా ఎమ్మెల్సీ మీద కన్నేయమనండి. తోట దక్కుతుంది.

మాస్టారు_రిటైర్డ్
ఎన్టీఆర్ అన్నారు కాబట్టి ఉపేంద్రని చెప్పకుండా ఉండలేను. పర్వతనేని ఉపేంద్ర రైల్వేలో ప్రజాసంబంధాల అధికారి. జనతా హయాంలో మధు దండవతే రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు ఆయన పేషీలో పనిచేశారు. 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టగానే ఉద్యోగం వదిలి వచ్చారు. ఎన్టీఆర్ చైతన్యరథం మీద ఊళ్లు తిరుగుతుంటే వెనక ఆఫీసు నడపాలి కదా, ఉత్తరాలు, ప్రకటనలు, ఢిల్లీ వ్యవహారాలు. అవన్నీ ఆయనకి చేతనైన పనులు. 1984లో రాజ్యసభ. 1989లో వీపీ సింగ్ కేబినెట్‌లో సమాచార ప్రసార మంత్రి, ప్రసారభారతి చట్టం ఆయన చేతుల మీదే వచ్చింది. అదే కేబినెట్‌లో దండవతే ఆర్థిక మంత్రి! ఒకప్పుడు ఎవరి పేషీలో ఫైళ్లు చూశాడో, ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాడు.

412 గారికి కావాల్సిన ముక్క ఇది. ఎన్టీఆర్‌తో తెగిపోయాక కాంగ్రెస్‌లోకి వెళ్లి 1996లో, మళ్లీ 1998లో విజయవాడ లోక్‌సభకి నిలబడి గెలిచారు. జనం ఓట్లతోనే. అంటే రాజ్యసభ తలుపు గుండా వెళ్లినవాడు కూడా తర్వాత వీధిలోకి దిగి గెలవొచ్చు.

ఓటరు_412
ఇది ఒప్పుకుంటున్నాను. అయితే మధ్యలో ఎన్నేళ్లో చూడండి. 1982లో ఉద్యోగం వదిలాడు, 1996లో జనం ఓటేశారు. 14 ఏళ్లు. అప్పటికి ఆయన పీఏ కాదు, కేంద్ర మంత్రిగా చేసి దిగినవాడు. జనం ఓటేసింది టీవీలో చూసిన ఉపేంద్రకి.

కడప_కాశీ
కేవీపీ రామచంద్రరావుని ఎవరూ అనలేదే! గుల్బర్గాలో వైద్యం చదివేటప్పటి స్నేహం. వైఎస్ "నా ఆత్మ" అన్నాడు, ఇంతకంటే పెద్ద హోదా ఏముంది? 2004 నుంచి ప్రభుత్వ సలహాదారు, 2008లో రాజ్యసభ. 2009 సెప్టెంబర్ 2న వైఎస్ పోయాక చాలామంది ఈయన పనైపోయిందనుకున్నారు. 2014లో రెండోసారి రాజ్యసభ వచ్చింది. ప్రత్యేక హోదా కోసం ప్రైవేటు బిల్లు పెట్టి 2016లో ఢిల్లీ మొత్తాన్ని కాసేపు ఇరుకున పెట్టాడు కూడా. కాకపోతే ఆయన ఎన్నడూ గోడ మీద బొమ్మ కాదు, బొమ్మ వెనక మనిషే. అది తెలిసి ఆ పరిధిలోనే ఉన్నాడు. తెలివైనవాడు.

డాలస్_బాబాయ్
ఇక్కడి సంగతి వేరు. అమెరికాలో ప్రతినిధుల సభ (హౌస్) సభ్యుడు 18 మంది దాకా శాశ్వత సిబ్బందిని పెట్టుకోవచ్చు, జీతాలు ప్రభుత్వ ఖజానా నుంచి. చదువు అయిపోగానే కుర్రాళ్లు అందులో చేరతారు, అదొక ఉద్యోగం. అందుకే సహాయకుడిగా చేసి సభ్యుడయ్యాడంటే ఎవరూ వింతగా చూడరు.

మా టెక్సాస్ కథ ఒకటి చెప్తాను. 1931 చివర్లో రిచర్డ్ క్లెబర్గ్ కాంగ్రెస్‌కి ఎన్నికయ్యాడు. కింగ్ రాంచ్ వారసుడు, మన భాషలో పెద్ద జమీందారు. ఆఫీసు పని మీద ధ్యాస లేదు, గోల్ఫ్ మీద ఉంది. ఆయనకి సెక్రటరీగా వాషింగ్టన్ వెళ్లినవాడు 23 ఏళ్ల బడిపంతులు, లిండన్ జాన్సన్. డాడ్జ్ హోటల్ బేస్‌మెంట్‌లో మకాం. అక్కడ ఇతర సభ్యుల సహాయకులూ ఉండేవారు, అందరికీ ఉమ్మడి స్నానాల గది. మొదటి రాత్రే నాలుగుసార్లు స్నానానికి వెళ్లాడట, తెల్లారి ఐదుసార్లు పళ్లు తోముకున్నాడట. వెళ్లిన ప్రతిసారీ ఇద్దరు ముగ్గురితో పరిచయం. కొన్నాళ్లకి సహాయకులంతా కలిసి నడిపే "లిటిల్ కాంగ్రెస్"కి స్పీకర్ అయి కూర్చున్నాడు. 1937లో ఒక సభ్యుడు చనిపోయి ఉప ఎన్నిక వస్తే నిలబడి గెలిచాడు. ఆ తర్వాత అమెరికా అధ్యక్షుడి దాకా వెళ్లాడు, మీకు తెలుసు.

గమనించాల్సింది ఏంటంటే, అతను గెలిచింది తన యజమాని సీటు కాదు. క్లెబర్గ్ లేస్తే కూర్చుందామని ఎదురుచూడలేదు. మధ్యలో 1935 నుంచి రూజ్‌వెల్ట్ పెట్టిన యువజన ఉపాధి సంస్థకి టెక్సాస్ డైరెక్టర్‌గా చేసి, వేలాది కుర్రాళ్లకి తన పేరు మీద పని ఇప్పించాడు.

బెజవాడ_బ్లేడు
బాబాయ్, ఐదుసార్లు పళ్లు తోముకుంటే సీటు వస్తుందంటే మా బావ ఈపాటికి ప్రధాని అయ్యేవాడు. పాన్ మరకలు పోవడానికి రోజంతా అదే పని.

లండన్_లలిత
ఇక్కడా అంతే. 1992 సెప్టెంబర్ 16న పౌండు కుప్పకూలినప్పుడు ఆర్థిక మంత్రి లామాంట్ కెమెరాల ముందు మాట్లాడుతుంటే వెనక నిలబడ్డ కుర్ర సలహాదారు డేవిడ్ కామెరాన్. 1997లో స్టాఫర్డ్‌లో నిలబడి ఓడాడు, 2001లో విట్నీలో గెలిచాడు, తర్వాత ప్రధాని అయ్యాడు. ఇక్కడ దీనికి ఒక తిట్టు కూడా ఉంది. చదువు, సలహాదారు ఉద్యోగం, సీటు, ఈ మూడు తప్ప బయట ప్రపంచం తెలియదని. మన పీఏలని మాత్రం అలా అనలేం, వాళ్లకి తెలిసినంత ప్రపంచం ఇంకెవరికి తెలుసు?

బే_ఏరియా_సుధ
నేనుండేది సాన్ మాటియో కౌంటీలో. మా దగ్గర సహాయకురాలు అనగానే అందరికీ గుర్తొచ్చే పేరు జాకీ స్పియర్. లియో ర్యాన్ అనే కాంగ్రెస్ సభ్యుడి దగ్గర పనిచేసేది. 1978 నవంబర్‌లో ఆయన గయానాలోని జోన్స్‌టౌన్‌కి వెళ్లాడు, మా ప్రాంతం వాళ్లు చాలామంది అక్కడి మత గురువు గుప్పిట్లో ఉన్నారని. ఈవిడ కూడా వెంట వెళ్లింది, 28 ఏళ్లు. తిరిగి వస్తుంటే చిన్న ఎయిర్‌స్ట్రిప్ మీద కాల్పులు. ర్యాన్ అక్కడే చనిపోయాడు. ఈవిడకి ఐదు తూటాలు తగిలాయి. విమానం చక్రం చాటున పడి ఉంది, సాయం వచ్చేసరికి 22 గంటలు.

మరుసటి ఏడాదే ర్యాన్ సీటుకి ఉప ఎన్నిక. ఈవిడ నిలబడింది. అంత సానుభూతి ఉండి కూడా ఓడిపోయింది! మన దగ్గర అయితే లక్ష మెజారిటీ అనుకుంటాం కదా. తర్వాత కౌంటీ బోర్డుకి 1980లో గెలిచింది, 1986లో రాష్ట్ర అసెంబ్లీ, తర్వాత సెనేట్. ర్యాన్ కూర్చున్న హౌస్‌కి వెళ్లింది 2008లో. ఓడినప్పటినుంచి 29 ఏళ్లు. 2023 జనవరి దాకా ఉంది, దిగిపోయాక మళ్లీ అదే కౌంటీ బోర్డుకి పోటీ చేసి 2024లో గెలిచింది.

మా పక్కింటి పెద్దావిడ ఆవిడని "జాకీ" అనే పిలుస్తుంది. ర్యాన్ సహాయకురాలు అని ఎవరూ అనరు ఇప్పుడు.

పీఏగారి_భార్య
సుధగారూ, ఇది చదివి కాసేపు ఏమీ తోచలేదు.

పాత_పేషీ
సుధగారు చెప్పినదాంట్లో కౌంటీ బోర్డు ముక్క ముఖ్యం. అంటే మన లెక్కలో జడ్పీటీసీ అనుకోండి. ఏలూరు అన్నా, తమ్ముడిని ముందు అక్కడ నిలబడమనండి. సార్‌కి కూడా అభ్యంతరం ఉండదు. ఒకటి మాత్రం నిజం, పీఏ సొంత పేరు సంపాదించడం మొదలుపెట్టిన రోజే సార్‌కి అనుమానం మొదలవుతుంది. నేను ఒకసారి మా ఊరి గుడికి నా డబ్బుతో మైకు సెట్టు ఇచ్చాను. శిలాఫలకం మీద నా పేరు చూసి సార్ నవ్వారు. ఆ నవ్వు తర్వాత రెండు నెలలు నన్ను కారులో ముందు సీట్లో కూర్చోనివ్వలేదు.

ఇంకో పని చేయించండి. సార్ లేకుండా, కారు లేకుండా, బండి మీద ఏదో ఒక ఊరికి వెళ్లి రమ్మనండి. డైరీలో ఏదైనా పెద్దకర్మ చూసుకుని వెళ్లమనండి. పక్కన ఎవరూ ఉండకూడదు. వచ్చాక ఏం జరిగిందో ఇక్కడ రాయండి.

ఆడిటర్_ఆనంద్
దీన్నే మేము ఆడిట్ అంటాం.

ఏలూరు_అన్న
పది రోజులు కనపడనందుకు ఏమీ అనుకోకండి. పాత_పేషీ గారు చెప్పినట్టే చేశాడు. నేను చెప్పలేదు, ఈ చర్చ మొత్తం చూపించాను. రాత్రంతా చదివాడు. పొద్దున్నే బండి తీశాడు.

వెళ్లింది సార్‌తో కనీసం ఇరవై సార్లు వెళ్లిన ఊరు. అక్కడ ఒక పెద్దాయన పెద్దకర్మ. షామియానా దగ్గర బండి ఆపగానే ఇంటివాళ్లు ఎదురొచ్చారట. వచ్చినవాళ్లు వీడిని కాదు, వీడి వెనక రోడ్డు చూస్తున్నారట. "సార్ వెనకాల వస్తున్నారా?" అని. రావట్లేదు, నేనే వచ్చానన్నాడట. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, మర్యాదకి లోటు లేదు. కానీ ఒక్కరూ పక్కన కూర్చోలేదు.

చనిపోయినాయన భార్య మాత్రం లోపలినుంచి వచ్చి, "ఆస్పత్రి డబ్బుల చెక్కు పట్టుకొచ్చింది నువ్వే కదు బాబూ" అందట. అవునమ్మా అన్నాడు. "అప్పుడు అడగడం మర్చిపోయాను, నీ పేరేంటి?" అందట.

ఓటరు_412
ఏం చెప్పాడు?

ఏలూరు_అన్న
"సార్ పీఏనమ్మా" అన్నాడట ముందు, నోటికి అలవాటైపోయి. తర్వాత పేరు చెప్పాడు.

సిద్దిపేట_సీను
ఒక్క ఓటు ఖాయం అన్నా. ఆడికెల్లి షురూ చేయమను.

బెజవాడ_బ్లేడు
మరి తోట?

ఏలూరు_అన్న
ఈ గురువారం కొబ్బరికాయల దింపు. పదకొండేళ్లలో మొదటిసారి వాడే దగ్గరుండి దింపించాడు. మధ్యలో సార్ దగ్గర్నుంచి నాలుగు ఫోన్లు వచ్చాయి, మూడు ఎత్తాడు.